తణ్ణి డాక్టరమ్మ

11 జూన్ 1984, సోమవారం

కృష్ణమ్మ మేక ఈ పొద్దు కూడా ఈనలేదు.

అత్తిమంజేరిపేటలో బస్సు దిగి పశువుల ఆస్పత్రి గేటు తీసేలోపలే ఎదురొచ్చింది. "డాక్టరమ్మా, నువ్వు చెప్పిన గడువు దాటిపాయె. పిల్ల యాడ?" అంటుంది. నా సంచి ఇంకా భుజం మీదనే ఉంది. పిల్లని అందులో దాచిపెట్టుకుని వచ్చినట్టు దానివైపే చూస్తుంది.

చూడి అని చెప్పింది నేనే. ఏప్రిల్‌లో పొట్ట కింద చెయ్యి పెట్టి చూస్తే గట్టిగా తగిలింది. "చూడే, అనుమానమే లేదు" అన్నాను. ఇప్పుడు పొట్ట కుండ మాదిరి ఉంది. పొదుగు కూడా దిగింది. చూడి కాకుంటే ఇంకేముంటుంది? పోతు దగ్గరికి ఎప్పుడు తోలిందో కృష్ణమ్మకే సరిగా గుర్తులేదు. ఒకసారి తై (సంక్రాంతి నెల) అంటుంది, ఒకసారి దాని తర్వాత వచ్చే మాసి అంటుంది. తప్పు ఆ లెక్కలో ఉంది. నా చేతిలో లేదు.

కాంపౌండరు వరదన్‌ని అడిగితే "పార్క్కలాం మేడం" అన్నాడు. చూద్దాం అని. ఆయన అన్నిటికీ అదే అంటాడు. గాలికుంటు వచ్చినా పార్క్కలాం, కప్పు కారినా పార్క్కలాం. నేను ఈ డైరీ తెలుగులో రాసేది ఆయన వల్లనే. తెలుగు బాగానే మాట్లాడతాడు కానీ అక్షరం రాదు.

12 జూన్

ఈనలేదు.

14 జూన్, గురువారం

ఈ ఊర్లో నేనుండేది ఇంకొన్ని దినాలే. ద్వారకనాథ్ సార్ మెడ్రాసులో హార్మోన్ల ల్యాబు తెరుస్తున్నారు. మేక రక్తంలో ఏ హార్మోను ఎంతుందో చెప్పే మిషన్ వచ్చేసిందంట. చదువుకునేటప్పుడు ఆయన కిందనే మేక అండాశయాల మీద పని చేసినాను. "నువ్వు లేకుంటే నాకెవరమ్మా" అని సార్ పోయిన దీపావళికి అన్నారు. అంటే పోస్టు నాదే. ఇంకా వేరే ఏం చెప్పాల?

అంత చదివినదాన్ని ఒక నల్ల మేక నిలదీస్తా ఉంది.

18 జూన్, సోమవారం

పోయి చూసినాను. మేక పడుకుని నెమరేస్తా ఉంది. నన్ను చూసి లేవను కూడా లేదు. ఇది ఇంకో రెండు మూడు దినాల్లో ఈనేస్తుంది. ఆ మాటే కృష్ణమ్మకి చెప్పినాను.

"పోయిన వారమూ ఇదే చెప్పినావు" అనింది.

"ఇప్పుడు గట్టిగా చెప్తున్నా."

"అప్పుడు మెత్తగా చెప్పినావా?"

ఆమెతో మాట్లాడకూడదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆ రెండు మేకలు, అరెకరం సెనక్కాయ చేను పెట్టుకుని ఒక్కతే బతుకుతుంది. నోరు గట్టిగా లేకుంటే ఎట్ల బతుకుతుంది, నిజమే. కానీ ఆ నోరు రోజూ నా గేటు కాడనే తెరుచుకుంటుంది.

20 జూన్, బుధవారం

మధ్యాన్నం అన్నం తింటా ఉంటే "నొప్పులు పడతా ఉంది, రా" అని పిలుపు. "చూసినారా వరదన్, చెప్పినానా లేదా" అని చెయ్యి కడుక్కుని, సంచి ఎత్తుకుని పరిగెత్తినాను. నిజంగా పరిగెత్తినాను, ఎండలో, చెప్పు వారు తెగితే ఒంటి చెప్పుతో.

మేక నిలబడి ముక్కింది. ముక్కితే నీళ్ళు వచ్చినాయి. ఉమ్మనీరనుకున్నాను. ఇంకోసారి ముక్కింది. ఇంకా నీళ్ళు. ఆపకుండా కారినాయి. బిందె ఒంపినట్టు కొట్టంలో మడుగు కట్టింది. తర్వాత ఏమీ రాలేదు. పిల్ల లేదు. మావి కూడా లేదు. పొట్ట ఖాళీ గోతం మాదిరి వేలాడింది. మేక ఒకసారి ఒళ్ళు విదిలించి, పోయి కంపకొమ్మ మేయడం మొదలుపెట్టింది.

కృష్ణమ్మ తడిసిన గడ్డిలో కూర్చుని రెండు చేతులతో వెతికింది. గడ్డి ఎత్తి ఎత్తి చూసింది. గంప కింద చూసింది. "పిల్ల యాడ?" అనింది. ఈసారి అరవలేదు. మెల్లగా అడిగింది.

నేను ఏం చెప్పినానో నాకు గుర్తులేదు.

21 జూన్

అరవలేదని రాసినాను. ఈ రోజు అరిచింది. ఆస్పత్రి ముందర, టీ అంగడికి కూడా వినపడేటట్టు. "నీళ్ళని పిల్ల అని చెప్పినావే! నీకు యెవరు ఇచ్చినారు డాక్టరు పట్టం?"

సాయంత్రానికి నాకొక పేరు పెట్టేసినారు. తణ్ణి డాక్టరమ్మ. తణ్ణి అంటే అరవంలో నీళ్ళే. కానీ సారాయిని కూడా అదే అంటారు కదా. తిరుత్తణి బస్సులో వెనక సీటు నుంచి ఎవరో ఆ పేరు పెట్టి పిలిస్తే, పక్కన కూర్చున్న పెద్దామె నన్ను పైకీ కిందికీ చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని జరిగి కూర్చునింది.

23 జూన్, శనివారం

ఎందుకైందో నాకు తెలుసు. తెలియకుంటేనే బాగుండు.

మేక ఎదకొచ్చి పోయినాక, అండం విడుదలైన చోట అండాశయం మీద చిన్న పచ్చటి ముద్ద కడుతుంది. సెనగ్గింజంత. అందులో నుంచి ఊరే ప్రొజెస్టరోన్ గర్భసంచికి చెప్పేది ఒకటే మాట: తలుపు మూసుకో, లోపల బిడ్డ ఉంది. బిడ్డ లేకుంటే గర్భసంచి కొన్నాళ్ళు చూసి, తనే ఇంకో హార్మోనుతో కబురు పంపి ఆ ముద్దని కరిగించేస్తుంది. మేక మళ్ళీ ఎదకొస్తుంది. ఒక్కోసారి ఆ కబురు పోదు. ముద్ద కరగదు. ఖాళీ సంచి బిడ్డ ఉందనుకుని తలుపు మూసుకుని నీళ్ళు నింపుకుంటా కూర్చుంటుంది. పొట్ట పెరుగుతుంది, పొదుగు దిగుతుంది, మేక కూడా నమ్మేస్తుంది. ఒకనాడు ముద్ద దానంతటదే కరిగిపోయి తలుపు తెరుచుకుంటుంది. అంతే.

పరీక్షలో ఇదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. చేతి కింద ఉన్నప్పుడు పోల్చుకోలేదు.

కృష్ణమ్మకి చెప్పబోయినాను. "మేకే మోసపోయిందమ్మా, దాని ఒంట్లో ఒక చిన్న ముద్ద కరగక..."

"మేక చదువుకోలేదు. నువ్వు చదువుకున్నావు" అనింది.

27 జూన్, బుధవారం

తిరువళ్ళూరు ఆఫీసులో రిపోర్టులు ఇచ్చే పనుండి పోయినాను. అక్కడికి కూడా ఆ పేరు చేరిపోయింది. గుమాస్తా ఒకాయన గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ముందర పెట్టి, "తణ్ణి, మేడం" అన్నాడు. నవ్వకుండా.

అటునుంచి అటే ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కి మెడ్రాసు పోయినాను. మణవాళనగర్ నుంచి వచ్చే ఆఫీసువాళ్ళ నడుమ ఒంటికాలి మీద నిలబడి. ద్వారకనాథ్ సార్‌ని చూసి ల్యాబు ఎప్పుడు మొదలయ్యేదీ అడుగుదామని.

సార్ కాఫీ తెప్పించినారు. మిషన్ చూపించినారు. దాని ముందర తెల్లకోటు వేసుకుని రామానుజం కూర్చుని ఉన్నాడు. నా క్లాసులో ఉండేవాడు. మేక ఎదకొచ్చే చక్రం గురించి నా నోట్సు చూసి రాసుకున్నవాడు.

"పోస్టు ఒకటే వచ్చిందమ్మా రాజామణీ" అన్నారు సార్. "రామానుజం అయితే ఇక్కడే ఉండిపోతాడు. నీకేమో రేపు పెళ్ళైతే ఏ ఊరు పోతావో ఎవరికి తెలుసు?"

నాకేం బాధ లేదు. కాఫీ బాగుంది.

నల్ల మేక సంగతి చెప్తే సార్ చాలా సంతోషపడినారు. "మంచి కేసు! పుస్తకంలో తప్ప చూడలేదు నేను" అన్నారు. లేచి ఫ్రిజ్ తెరిచి ఒక చిన్న ఆంప్యూల్ నా చేతిలో పెట్టినారు. ప్రోస్టాగ్లాండిన్. ఆ ముద్దని కరిగించే మందు. ఫారిన్ నుంచి వచ్చింది, ఇక్కడ దొరకదు. "ఇంకో మేక ఇట్లాంటిది వస్తే వెయ్యి. ముద్ద కరిగి, నీళ్ళు పోయి, మళ్ళీ ఎదకొస్తుంది. ఒక్కటే ఉంది, జాగ్రత్త. ఇంకో సంగతి. నిజంగా చూడి అయ్యుంటే ఇది వెయ్యకూడదు. ముద్ద కరిగితే పిల్లలు నిలవవు, ఈసుకుపోతాయి. నీకు తెలుసు కదా."

తెలుసు సార్. నాకన్నీ తెలుసు.

28 జూన్

నాకేం బాధ లేదు.

2 జూలై, సోమవారం

ఆస్పత్రి ఫ్రిజ్‌కి కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకని మందుని తిరుత్తణిలో నేనుండే ఇంట్లోనే పెట్టుకున్నా, తడిగుడ్డలో చుట్టి మంచినీళ్ళ కుండ పక్కన ఇసకలో. ఇంటామె సెల్లమ్మక్క చూసింది. వాళ్ళు మగ్గం నేసేవాళ్ళు. ముందరింట్లో రెండు మగ్గాలు, వెనకింట్లో నేను.

"ఎన్న పాపా, ఒంట్లో బాగలేదా? ఎవరికీ చెప్పకుండా మందు తింటా ఉండావా?"

"నాకు కాదక్కా, మేకకి."

"మేకకి మందు మన కుండ కాడనా!" అని కుండ నీళ్ళన్నీ పారబోసి, తోమి, మళ్ళీ పట్టింది.

9 జూలై, సోమవారం

కృష్ణమ్మ రెండో మేకని తోలుకుని వచ్చింది. ఎర్రది. మొదటి చూలు. పొట్ట గుండ్రంగా ఉంది.

"ఇది కూడా తణ్ణే" అనింది.

"ఎట్ల చెప్తావు?"

"నల్లదాన్ని తోలిన వారమే దీన్నీ పోతు కాడికి తోలినా. దీనికీ గడువు దాటిపాయె. పొదుగు చూడు, ఏమీ లేదు. ఇది కూడా నీళ్ళే. నీ కాడ మెడ్రాసు సూది ఉందంట కదా, వరదన్ చెప్పినాడు. వేసి పారెయ్యి. నీళ్ళు పోతే మళ్ళా కట్టించుకుంటా."

వరదన్ నావైపు చూడకుండా సీసాలు తుడుస్తా ఉన్నాడు.

చెయ్యి పెట్టి చూసినాను. నీళ్ళు కదిలినట్టు ఉంది. లోపల ఏదో గట్టిది కూడా ఉన్నట్టుంది. నల్లదానికీ ఇట్లనే అనిపించింది. అది మేత మూట. ఇదేంది? స్టెతస్కోపు పెడితే పొట్టలో మేత గుడగుడ తప్ప ఇంకేమీ వినపడలేదు.

"మధ్యలో మళ్ళీ ఎదకొచ్చి, మేతకు పోయిన కాడ ఇంకో మంద పోతుతో కలిసి ఉంటే? అప్పుడు గడువు ఇంకా దాటనట్టే కదా."

కృష్ణమ్మకి కోపం వచ్చేసింది. "నా మేక అట్లాంటిది కాదు!"

14 జూలై, శనివారం

పోస్టాఫీసు నుంచి సార్‌కి ట్రంకు కాల్ చేసినాను. పొద్దున బుక్ చేస్తే మధ్యాన్నం దొరికింది. "రక్తం తీసి పంపిస్తాను సార్, మిషన్‌లో పెట్టి చూడండి. చూడో, నీళ్ళో."

సార్ నవ్వినారు. "ఏం చదివినావమ్మా? చూడైనా ముద్ద ఉంటుంది, నీళ్ళైనా ముద్ద ఉంటుంది. ప్రొజెస్టరోన్ రెండిట్లోనూ ఎక్కువే. మిషన్‌కి తేడా ఎట్ల తెలుస్తుంది?"

అంత పెద్ద మిషన్. రామానుజం తెల్లకోటు. నా చేతికంటే ఎక్కువేం తెలియదు దానికి. మనసుకి కొంచెం హాయిగా అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాల. ఆ హాయి కాల్ అయిపోయేదాకా కూడా ఉండలేదు.

17 జూలై

నీళ్ళే. పొదుగు లేదు. గడువు దాటింది. నల్లదానిదీ దీనిదీ ఒకే మంద, ఒకే మేత. నీళ్ళే అయ్యుంటాయి.

19 జూలై

నీళ్ళే. శనివారం పోయి సూది వేస్తాను. రెండు దినాల్లో నీళ్ళు పోతాయి, ఊరంతా చూస్తుంది. సార్‌కి రాస్తాను. కేసు రిపోర్టు నా పేరుతో వస్తుంది.

21 జూలై, శనివారం

వెయ్యలేదు.

కొట్టం ముందర పదిమంది దాకా చేరినారు. ఆడ ఇంకేం పని లేనట్టు. కృష్ణమ్మ మేకని మోకాళ్ళ నడుమ పెట్టుకుని కొమ్ములు పట్టుకునింది. వరదన్ దూది అందించినాడు. ఆంప్యూల్ మెడ విరిచి, మందు సిరంజిలోకి లాగి, గాలి తీసినాను. అంతా సరిగానే చేసినాను.

వేసేముందర ఇంకోసారి పొట్ట కింద చెయ్యి పెట్టినాను. అలవాటుకి. ఏమీ తెలియలేదు. నీళ్ళని కూడా తెలియలేదు, పిల్ల అని కూడా తెలియలేదు. మేక బెదరకుండా నా భుజానికి ఒళ్ళు ఆనించి నిలబడింది. అప్పుడు నాకొకటి తెలిసింది. దీని పొట్టలో నీళ్ళే ఉండాలని నేను కోరుకుంటా ఉన్నా. వారం దినాలుగా అదే కోరుకుంటా ఉన్నా. మేక కోసం కాదు. ఈసారి నా మాట గెలవాలని. ఏప్రిల్‌లో నల్లదాని పొట్ట మీద చెయ్యి పెట్టినప్పుడు పిల్ల ఉండాలని ఎట్ల కోరుకున్నానో అట్లనే.

"నేను వెయ్యను" అన్నాను.

"ఏంది?"

"పిల్లలుంటే చచ్చిపోతాయి కృష్ణమ్మా. నాకు తెలియడం లేదు. ఇంకొన్నాళ్ళు చూద్దాం."

వెనక ఎవరో "పార్క్కలాం" అన్నారు. అందరూ నవ్వినారు. వరదన్ మాత్రం నవ్వలేదు.

కృష్ణమ్మ కొమ్ములు వదిలేసి లేచింది. "చూడి కానిదాన్ని చూడి అంటివి. ఇప్పుడు నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పమంటే తెలియదంటావు. ఎండాకాలమంతా నా నోటి కాడిది పెట్టి మేపినా రెండిటినీ. ఇంక నా వల్ల కాదు. రేపు ఏసు వస్తాడు, తోలిచ్చేస్తా." ఏసు సంతలో మేకలు కొని మాంసం అంగళ్ళకి తోలేవాడు.

సిరంజిలోకి తీసిన మందు దాచిపెట్టడానికి ఉండదు. కొట్టం వెనక బూడిదలోకి చిమ్మేసినాను. దేశంలో దొరకని మందు. సార్ నాకిచ్చింది అదొక్కటే. పోస్టుకి బదులు.

22 జూలై, ఆదివారం

నాకు బుద్ధి లేదు.

సెలవు దినం నేను అత్తిమంజేరిపేట ఎందుకు పోయినాను? ఏసు ఎర్రదాని వెన్ను నొక్కి చూస్తా ఉన్న సమయానికే ఎందుకు పోయినాను? "ఆయన ఇచ్చేదే నేనిస్తా, నాకియ్యి" అని ఎందుకన్నాను? ఏసు నన్ను చూసి, మేకని చూసి, "తీస్కో డాక్టరమ్మా, నీళ్ళ బరువుకి నేనెందుకు రేటు కట్టాల" అని పోయినాడు. కృష్ణమ్మ తాడు నా చేతికిచ్చింది. డబ్బు లెక్కపెట్టి కొంగున ముడి వేసుకునింది.

రేపు ఆడికృత్తిక, కొండ మీద మురుగన్‌కి పండగ. తిరుత్తణికి పోయే బస్సులన్నీ కావడి జనంతో నిండిపోయినాయి. కండక్టరు మేకని చూసి విజిలు నోట్లో నుంచి తీయకుండానే చెయ్యి ఊపినాడు, పో పో అని. చివరికి కావడివాళ్ళ లారీ ఒకటి ఆపి ఎక్కించుకున్నారు. పసుపు బట్టలు, విభూది, అరోహరా కేకలు, నడుమ నేను, నా ఒళ్ళో మేక తల. ఒక పెద్దాయన నన్ను మందలించినాడు. "అమ్మా, మురుగన్‌కి మేకని కొయ్యరు. తెలియదా నీకు?"

"మొక్కుకి కాదయ్యా."

"మరి దేనికి?"

దేనికో నాకు మాత్రం తెలుసునా.

23 జూలై

ఊరంతా కావడులు. ఇంట్లో సెల్లమ్మక్క. మేకని చూసినప్పటి నుంచి ఆగకుండా తిడుతుంది. వీధిలో పావు (పడుగు నూలు) సాగదీసి గంజి పెట్టినారు. ఎర్రది తాడు తెంపుకుని పోయి, నూలుకి పట్టించిన గంజినంతా నాకేసింది. మూరెడు మేర పోగులు తెగినాయి. "నీ మేక తినింది నూలు కాదు పాపా, నా ఉసురు!"

తెగిన పోగులు అతకడానికి నేనూ కూర్చున్నాను. నేను అతికినవి ఆమె మళ్ళీ విప్పి అతికింది.

27 జూలై

ఏమీ లేదు. నీళ్ళే.

31 జూలై, మంగళవారం

నీళ్ళే. ఏసు అన్నదే నిజం. ఇంత చదువు చదివి నీళ్ళ తిత్తిని కొని ఇంట్లో కట్టుకుని దానికి అవిసాకు మోస్తున్నా. పొద్దున సెల్లమ్మక్క గంజిలో ఉప్పు వేసి దానికి పెట్టడం చూసినాను. నేను చూసినానని తెలిసి "పారబోసేదే కదా" అనింది.

వరదన్ అడిగినాడు, మేక ఎట్లుందని. "పార్క్కలాం" అన్నాను.

మెడ్రాసు గురించి ఈ వారం అనుకోనే లేదు. ఇదో, ఇప్పుడు అనుకున్నా.

3 ఆగస్టు, శుక్రవారం

ఆడి నెల శుక్రవారం. పొద్దున సెల్లమ్మక్క మారెమ్మకి పోసే కూడు (రాగి అంబలి) కలుపుతా ఉంది. నేను బస్సుకి పోవాలని జడ వేసుకుంటా ఉన్నా. ఎర్రది గోడకి నుదురు ఆనించి నిలబడి ఒక మాదిరిగా అరిచింది. పోయి చూస్తే నీళ్ళు కారతా ఉన్నాయి.

"అయిపోయింది" అన్నాను. తిరిగొచ్చి జడ పూర్తిచేసుకుందామని కూర్చున్నా. ఇంకోసారి చూసేదానికి మనసు ఒప్పలేదు. కృష్ణమ్మ గడ్డిలో వెతికింది గుర్తొస్తా ఉంది.

సెల్లమ్మక్క కేకేసింది. "పాపా! కాలు! కాలు కనిపిస్తా ఉంది!"

దువ్వెన ఎక్కడ పడిందో తెలియదు. ముందరి కాళ్ళు రెండు, వాటి మీద ఆనుకుని మూతి. తెల్ల పొరలో. మేక ముక్కితే జారి నా చేతుల్లో పడింది. ఆడపిల్ల. ముక్కు తుడిచి ఊపితే తుమ్మింది. పొట్ట తడిమితే లోపల ఇంకా ఉంది. ఇంకోటి! చాలాసేపు రాలేదు. చెయ్యి సబ్బుతో కడిగి లోపల చూస్తే తోక తగిలింది. తిరగబడి వెనక నుంచి వస్తా ఉంది. మొదటి ఈత, సన్నటి దారి. "అక్కా, తల పట్టుకో, కదలనీకు" అన్నా. ఆమె అంబలి చేతులతోనే వచ్చి, మేక తలని ఒళ్ళో పెట్టుకుని, "ఏమీ లేదు తల్లీ, ఏమీ లేదు, ఇదో అయిపాయె" అని దానితోనే మాట్లాడతా ఉంది. వేళ్ళతో వెనక కాలి గిట్టలు ఒక్కొక్కటీ వెతికి, అరచెయ్యి అడ్డం పెట్టి పైకి మడిచి, మేక ముక్కినప్పుడల్లా కొంచెం కొంచెం లాగినాను. వచ్చింది. కదల్లేదు. నోట్లో నీళ్ళు పీల్చి ఉమ్మేసి, గడ్డితో రొమ్ము రుద్ది రుద్ది రుద్ది...

పోతుపిల్ల. నా చీర మీదనే ఉచ్చ పోసింది.

సెల్లమ్మక్క ఏడుస్తా ఉంది. "ఎందుకక్కా" అంటే "పొగ" అనింది. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది. మారెమ్మకి అంబలి ఆలస్యమైంది. ఆస్పత్రికి నేను పోలేదు.

5 ఆగస్టు, ఆదివారం

వరదన్ నోరు ఊరుకుంటుందా. కృష్ణమ్మ పొద్దున బస్సుకే దిగింది.

వాకిట్లో నిలబడి పిల్లల్ని చూసింది. కూర్చుని ఆడపిల్లని ఎత్తుకుని, తల వాసన చూసి, నోట్లో వేలు పెట్టి చీకుతుందో లేదో చూసింది. తర్వాత మొదలుపెట్టింది.

"మేకని అమ్మినా. పిల్లల్ని అమ్మలేదు."

నాకు అరికాలి నుంచి మంట లేచింది. ఈ రెండు నెలలూ మింగిందంతా ఒక్కసారిగా వచ్చేసింది. "పిల్లలా? నువ్వేగా తణ్ణి అన్నావు! సూది వేసి పారెయ్యమన్నావు! వేసుంటే ఇవి ఉండేవా? ఏసుకి తోలుంటే తల్లి ఉండేదా? ఊరంతా నన్ను ఆ పేరుతో పిలుస్తా ఉంటే నీ మేకని లారీలో ఒళ్ళో పెట్టుకుని వచ్చినా. ఇప్పుడొచ్చి పిల్లల్ని అమ్మలేదంటావా!"

వీధిలో మగ్గాలు ఆగినాయి.

కృష్ణమ్మ అదరలేదు. పిల్లని కొంగులో చుట్టుకునింది. "అవును. అన్నా. నీకు కూడా తెలియదని నువ్వే చెప్పినావు కదా. ఇద్దరికీ తెలియనిదాన్ని నేనెట్ల అమ్ముతాను, నువ్వెట్ల కొంటావు?"



తల్లి మేక ఆమె చీర కుచ్చిళ్ళు నములుతా ఉంది. వీపు మీద చెయ్యి వేస్తే చెవులు ఆడించింది. నేను ఇన్ని దినాలు మేపినా నా చెయ్యికి అట్ల ఆడించలేదు. పొదుగు మూడు దినాల్లో దిగేసింది. ఆమె కింద కూర్చుని రెండు చనులు పిండి చూసి, "పాలు బాగున్నాయి" అనింది, నాకు కాదు, మేకకి. అప్పుడు చూసినాను. మనిషి చాలా చిక్కిపోయింది.

"తోలుకుపో" అన్నాను. "ముగ్గుర్నీ. నేనిచ్చింది వీలైనప్పుడు ఇయ్యి."

"ఇయ్యకుండా పోతానా" అనింది. పోతా పోతా వాకిట్లో ఆగి, "డాక్టరమ్మా, పోతుపిల్ల వెనక కాలు కొంచెం ఈడుస్తా ఉంది. బుధవారం వచ్చి చూడు. మర్చిపోవద్దు" అని నన్నే గద్దించి పోయింది. ఒక్క మంచి మాట లేదు.

లోపలికొస్తే సెల్లమ్మక్క మగ్గం గుంటలో నుంచి లేచి నిలబడి ఉంది. ముఖం ఎర్రగా చేసుకుని.

"ఎందుకిచ్చినావు?"

"అక్కా, నువ్వే కదా ఇంట్లో నుంచి తోలెయ్యి, తోలెయ్యి అని..."

"అది మేకని చెప్పినా. పిల్లల్ని చెప్పినానా? ఆ పోతుపిల్లకి పేరు కూడా పెట్టుకుని ఉండా నేను. అడిగినావా నన్ను? ఒక్క మాట అడిగినావా?"

ఈ ఆడవాళ్ళతో నా వల్ల కాదు.

6 ఆగస్టు, సోమవారం

వెనకిల్లంతా మేక వాసన. పొద్దున బిందె నీళ్ళు, చీపురు తీసుకుని కడగబోతే సెల్లమ్మక్క చీపురు లాక్కునింది. "ఇప్పుడేం అవసరం" అంట.

చీరకీ అదే వాసన. ఆ చీరతోనే బస్సెక్కినాను. పక్కామె జరిగి కూర్చునింది. జరగనీ.